అరిగిన వాషరు: యంత్రసంధుల రక్షణను గూర్చి ఒక సమీక్ష

కృష్ణానదికి దక్షిణమున, కొండవీటి వాగు పారు నల్లరేగడి నేలల యంచున నెలకొన్న మంగళగిరి ప్రాంతమునందు, సేద్యమేమి, వర్తకమేమి, ప్రయాణమేమి, యంత్రసాహాయ్యము లేక ఒక్క దినమైనను గడవని స్థితి యేర్పడి చాలకాలమైనది. జాతీయ రహదారిపై రాత్రింబవళ్లు సాగిపోవు లారీలు, మిరపతోటలలో కూలీల వీపులపై నుండు మందు డబ్బాలు, ప్రత్తిని బేళ్లుగా నొక్కు ప్రెస్సులు, కాలువగట్లపైని ఆయిలింజన్లు, గుంటూరు పరిసరములందలి శీతల గిడ్డంగులలో తిరుగు అమోనియా కంప్రెసర్లు, ఇవి చూపునకు ఒకదానితో నొకటి పోలికలేనివే యైనను, వీని యన్నింటి పనియు ఒక్కదానిపైననే ఆధారపడియున్నది: ఇనుమునకును ఇనుమునకును నడుమ ఇమిడియుండి, లోపలి ద్రవమును వెలికి పోనీయక, వెలుపలి దుమ్మును లోనికి రానీయక కాచు తోలుబిళ్ల, త్రాటిచుట్ట, రబ్బరు వలయము, అట్టముక్క. ఇది ఆ యినుముకంటె మెత్తనిదిగా బుద్ధిపూర్వకముగనే చేయబడినది. తాను అరిగి, మార్చుటకు వ్యయమెక్కువైన భాగములను అరగకుండ కాపాడుటయే దాని పని.

అట్టి వస్తువు అరిగినచో మార్చవలెననుటలో వివాదమేమున్నదని పాఠకులకు తోపవచ్చును. వివాదము మూడు చోట్ల నున్నది: ఎప్పుడు మార్చవలెను, దేనితో మార్చవలెను, మార్చినంత మాత్రమున చాలునా. మొదటి ప్రశ్నను గూర్చి మన మెకానిక్కులు యజమానులతో నిత్యము వాదులాడుచునే యుందురు. రెండవదానిని సామాన్యముగా విడిభాగముల దుకాణదారునికి వదలిపెట్టుదురు. మూడవదానిని అడుగువారే అరుదు. నా మట్టుకు నాకు ఈ మూడవ ప్రశ్నయే ప్రధానమనియు, ఒకే చోట ఒకే వాషరు ఏటికి మూడు నాలుగు మారులు పోవుచున్నప్పుడు దోషమును వాషరునందు గాక మరియొక చోట వెదకవలెననియు తోచుచున్నది.

చరిత్రక్రమమున చూచినచో తోలుతో ప్రారంభింపవలెను. ఇంజన్లు రాకపూర్వము మన మెట్టపొలాల బావులపై మోటలు నడచుచుండెడివి. మోటబాన యడుగున వ్రేలాడు తోలు తొండము పైకి వచ్చునంతవరకు ముడుచుకొనియుండి, గట్టునకు చేరగనే తెరచుకొని నీటిని కాలువలోనికి వదలుట, నీరు నిలుపుటయు విడుచుటయు నెరిగిన యంత్రసంధికి మన పల్లెలలో తొలి నిదర్శనమని చెప్పదగును. తంగేడుపట్టతో నూనిన ఆ తోలును కుట్టువారికిని, ఆముదము పట్టించి మెత్తపరచువారికిని, చినిగినప్పుడు అతుకువారికిని రైతు కళ్లములోనే మేర కొలిచి యిచ్చెడివాడు. ఈ యేర్పాటునందు సామాజికమైన అన్యాయము మెండుగా నున్నదన్న మాట నిజమే; మేర కొలిచినవాని దయాధర్మములపైననే తోలుపనివాని బ్రదుకు ఆధారపడియుండెడిది. అయినను యంత్రరక్షణ దృష్టితో చూచినపుడు ఒక్క విశేషమును గమనింపక తప్పదు. మోట చినిగినను చినుగకున్నను మేర మేరయే. కావున చినుగకుండ చూచుకొనుట యందే తోలుపనివానికి లాభముండెను. ఇంజను వచ్చి మోట పోయిన పిమ్మట ఈ సంబంధము తలక్రిందులైనది. నేడు యంత్రము చెడినప్పుడే మెకానిక్కునకు కూలి, చెడనంతకాలము అతడు ఎవ్వనికిని అక్కరలేదు.

తోలు మాత్రము యంత్రములను విడువలేదు. 1712లో న్యూకమెన్ నిర్మించిన ఆవిరియంత్రమునందు ముషలకమునకు (పిస్టనునకు) తోలుబిళ్ల తొడిగి, దానిపై నీరు నిలువజేసి గాలి చొరకుండ కాపాడిరి. వేడి ఆవిరి తగులు చోట తోలు నిలువదు గనుక జేమ్సు వాటు జనుపనారను కొవ్వుతో తడిపి చుట్టెను. 1795లో జోసెఫ్ బ్రామా జలపీడన యంత్రమునకు హక్కుపత్రము పొందినపుడు అతనిని బాధించిన చిక్కు ఒక్కటే: ఒత్తిడి పెంచిన కొలదిని పైకి లేచు దూలము (ర్యాము) చుట్టునుండి నీరు చిమ్ముచుండెను; దూలమును బిగించి పట్టినచో అది కదలకుండెను. అతని వద్ద పనిచేయు హెన్రీ మాడ్‌స్లే ఈ చిక్కును దొప్పవలె వంచిన తోలుతో విడదీసెనని చెప్పుదురు. ఈ దొప్ప నోరు ఒత్తిడి వైపునకు తిరిగియుండును. ఒత్తిడి లేనప్పుడు తోలు వదులుగానే యుండి కదలికకు అడ్డురాదు; ఒత్తిడి పెరిగిన కొలదిని నీరే తోలు పెదవిని గోడవైపునకు నెట్టి బిగించును. అనగా కారింపజూచు శక్తియే కారకుండ ఆపుచున్నది. ఇంతటి చక్కని యుపాయము యంత్రశాస్త్రమున మరియొకటి కలదో లేదో చెప్పజాలను. మన ప్రత్తి ప్రెస్సులోను, వీధిలోని చేతిపంపులోను, మిరపతోటలోని మందు డబ్బాలోను నేటికిని పనిచేయుచున్నది ఇదియే. దీనిని తెలియక దొప్పను తిరగవేసి బిగించినచో ఎంత కొత్త వాషరైనను ఒక్క చుక్కను ఆపదు. అట్లు తిరగవేసినవి కొన్ని మంచి దుకాణముల నుండియే తిరిగివచ్చుట కలదు.

చేతిపంపు సంగతి కొంత విస్తరింపదగినది. 1970ల దశకమున యూనిసెఫ్ సహకారముతో రూపొంది దేశమంతట వ్యాపించిన ఇండియా మార్కు-2 పంపునందు, భూమిలో ఎంతో లోతున నుండు సిలిండరులో తోలు వాషర్లుండెడివి. వానిని మార్చవలెనన్నచో పైనున్న ఇనుపగొట్టముల నన్నింటిని ఒక్కొక్కటిగా పైకి లాగవలెను. అందులకు ప్రత్యేకమైన పనిముట్లు, వాహనము, నలుగురైదుగురు మనుష్యులు కావలెను. కొద్ది రూపాయల తోలుముక్క కొరకు పంపు వారములకొలదిగా మూలబడియుండుటకు కారణమిదియే. 1980లలో కోయంబత్తూరు ప్రాంతమున జరిపిన క్షేత్రపరిశీలన ఫలితముగా రెండు మార్పులు వచ్చినవి. తోలుకు బదులు నైట్రైల్ రబ్బరు వాషరు వచ్చి, దాని యాయువు గణనీయముగా పెరిగినది. మార్కు-3 అను రూపమున నిలువుగొట్టమును వెడల్పు చేసి, గొట్టము లాగకయే ముషలకమును మాత్రము పైకి తీయుటకు వీలు కల్పింపబడినది. మొదటి మార్పును అందరును మెచ్చుకొనిరి. నా యభిప్రాయమున రెండవదే గొప్పది. వాషరు ఎప్పటికైనను అరుగును. దానివద్దకు ఊరివారు తమ చేతులతో చేరగలరా లేదా అనునదే పంపు బ్రదుకును నిర్ణయించును. అయినను వెడల్పు గొట్టమునకు ఖర్చెక్కువ యనియు, వేలకొలది పాతపంపులు ముందే దిగియున్నవనియు చెప్పి మార్కు-2నే కొనసాగించిన చోట్లు పెక్కు. టెండరులో గొట్టము ధర కనబడును గాని, వేసవిలో బిందెలతో మరియొక వీధికి నడచిన ఆడవారి కాలము కనబడదు.

ఇక తిరుగు కడ్డీ చుట్టునుండు గ్లాండు విషయము. మన రైతులకును మెకానిక్కులకును నడుమ నిత్యవివాదమునకు కారణమైనది ఇదే. పొలము పంపునకు షాఫ్టు బయటికి వచ్చు చోట, గ్రాఫైటు పట్టించిన నూలుతాటిని వలయములుగా కోసి పేర్చి, పైనుండి గ్లాండుతో నొక్కుదురు. మంచి పనివాడు ఈ తాటిని షాఫ్టు మందము గల కడ్డీపై చుట్టి ఏటవాలుగా కోయును. కొనలు అతుకు చోట్లు ఒకదానిపై నొకటి రాకుండ తిప్పి పెట్టును. కొత్తది వేయుటకు ముందు పాతదానిని కొక్కెముతో లాగి అడుగు వరకు శుభ్రపరచును. తొందరపాటువాడు పాతదానిపై రెండు చుట్లు అదనముగా తోసి నట్లు బిగించి కూలి తీసికొని పోవును. రెండును మొదటి దినమున ఒక్కరీతిగనే కనబడును.

అసలు చిక్కు నట్లు బిగించుటయందున్నది. గ్లాండునుండి నీరు చుక్కచుక్కగా కారుచుండవలెను. ఆ చుక్కయే తాటిని తడిపి, చల్లబరచి, షాఫ్టుపై రాపిడిని తగ్గించును. కారుట యంత్రమునకు అవమానమని భావించు యజమాని, “ఇంకొంచెం బిగించవోయ్, చుక్క కూడా పడకూడదు” అని నిలుచుండి బిగింపజేయును. ఒక గంట గడచునప్పటికి తాడు వేడెక్కి, నూలు మాడి, రాయివలె గట్టిపడి, షాఫ్టును గీకనారంభించును. నెలనాళ్లలో షాఫ్టుపై గోటికి తగులునంతటి గాడి పడును. అటుపిమ్మట ఎంత ఖరీదైన తాడు చుట్టినను నీరు కారక మానదు. మరల మరల బిగించుటయు, మరల మరల కాలుటయు తప్పదు. ఇట్టి పంపునకు కావలసినది కొత్త తాడు కాదు, షాఫ్టుపైని తొడుగు. అది చెప్పిన మెకానిక్కును డబ్బు గుంజుటకు వచ్చినవానిగా చూచుట మన పల్లెలలో పరిపాటి. (ఫుట్‌వాల్వు పట్టనప్పుడు పేడనీళ్లు పోసి పంపును ఎత్తించు పాత యుక్తిని చదువుకొన్నవారు నవ్వుదురు. పేడలోని నార వాల్వు పెదవి సందులలో చేరి ఆ పూటకు గాలిని ఆపును. ఆ పూట పైరు బ్రదుకును. దానిని నేను తప్పుపట్టను. మరునాడు వాల్వును విప్పి చూడకపోవుటను మాత్రమే తప్పుపట్టుదును.)

ఇంజను హెడ్డు క్రింది గాస్కెట్టు మరియొక జాతికి చెందినది. ఇది కదలదు, కాని ఒకవైపు మండు వాయువు, ఒకవైపు నీరు, ఒకవైపు నూనె, మూటిని ఒకదానితో నొకటి కలియనీయక నిలుపవలెను. అది పోయినప్పుడు రేడియేటరులో బుడగలు లేచుట, పొగగొట్టమున తెల్లని ఆవిరి వచ్చుట, నూనె మజ్జిగవలె తెలుపెక్కుట మొదలగు గురుతులు లారీవారందరికిని తెలిసినవే. “హెడ్డు గాస్కెట్టు కొట్టింది” అని చెప్పి, మంగళగిరి ఆటోనగరునందో విజయవాడ ఆటోనగరునందో ఒక పూటలో కొత్తది వేయించుకొని మరల బండి నెక్కుదురు. ఒక నెల తిరుగకుండగనే అది మరల కొట్టును. కారణమేమనగా, గాస్కెట్టు పోవుటకు ముందు ఇంజను మరగినది. మరగినప్పుడు హెడ్డు వంగినది. వంగిన హెడ్డుపై తిన్నని అంచుగల ఉక్కుబద్ద నుంచి సందును చూచినవాడు లేడు. చూచి, మిల్లింగునకు పంపినచో ఒక దినము ఆలస్యమగును. బండి మీది సరుకు ఒక దినము నిలుచును. నట్లను నడుమ నుండి వెలుపలికి, ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగింపవలెనను నియమము కూడ ఈ తొందరలోనే పోవుచున్నది.

పూర్వము ఈ గాస్కెట్లు రాగిరేకుల నడుమ ఆస్‌బెస్టాసు కూర్చి చేయబడెడివి. ఈ నార మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమునందే త్రవ్వబడెడిది. వేడికి చలింపనిది, రసాయనములకు లొంగనిది, చౌకయైనది. ఇన్ని గుణములతో కూడిన ఆ నారయొక్క దుమ్ము ఊపిరితిత్తులలో చేరి దశాబ్దముల తరువాత ప్రాణాంతకమగు వ్యాధులను కలిగించునని తెలిసిన పిమ్మట చాల దేశములు దానిని బహిష్కరించినవి. కొత్తవి మానినను పాత ఇంజన్లలోను, పాత ఆవిరిగొట్టముల కలయికలలోను అది ఇంకను అతుక్కొనియున్నది. దానిని పొడిగా గీకి నోటితో ఊదు అలవాటు మన షెడ్లలో నేటికిని పోలేదు. తడిపి గీకి, తడిగుడ్డతో తుడిచి పారవేయుటకు అయ్యెడి ఖర్చు ఏమియు లేదు.

రాగి విషయమున మాత్రము మన పాత మిస్త్రీలు చేయు పని శాస్త్రసమ్మతము. ఒకసారి నలిగిన రాగి వాషరు గట్టిపడును. గట్టిపడినది మరల ఒదుగదు. దానిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినచో, ఇనుమువలె గట్టిపడక, మరల మెత్తబడును. అట్లే అట్ట గాస్కెట్టును కోయు విధానమును చూడదగినదే. అచ్చు లేదు, కొలత లేదు. అట్టను ఇంజను మూతపై పరచి, గుండుతల సుత్తితో అంచులవెంట చిన్నచిన్న దెబ్బలు కొట్టుచు పోవుదురు. ఇనుపయంచే కత్తియై అట్టను కోయును. బోల్టు రంధ్రములపై గుండును ఆనించి తట్టగా గుండ్రని బిళ్లలు లోనికి ఊడిపడును. ఈ పనియందు ఆరితేరినవారి చేతులు చూచిన తరువాత, ట్యూబులోని సిలికాను జిగురును వేలితో దట్టముగా పూయు కొత్త అలవాటు నాకు నచ్చదు. బిగించినప్పుడు లోపలికి పొంగిన జిగురు తెగి, నూనెతో కొట్టుకొనిపోయి, నూనె దారిని మూయును. కారుట ఆగును గాని బేరింగు కాలును.

తిరుగు షాఫ్టులకు వాడు ఆయిల్ సీలు సుమారు నూరేండ్ల నాటిది మాత్రమే. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గు అను తోలుశుద్ధి సంస్థలో వాల్టరు సిమ్మరు దానిని తోలుతోనే రూపొందించెను. సింథటిక్ రబ్బరు తరువాత వచ్చినది. సన్నని పెదవియు, దానిని బిగించియుంచు చిన్న స్ప్రింగును ఇందు ముఖ్యములు. కారము మిల్లులందు, ప్రత్తి జిన్నులందు దుమ్ము ఈ పెదవి క్రిందికి చేరి, మెత్తని రబ్బరును ఆధారము చేసికొని గట్టి ఉక్కునే అరగదీయును. షాఫ్టుపై మెరయు గీత యొకటి ఏర్పడును. కొత్త సీలును సరిగా ఆ గీతపైననే కూర్చుండబెట్టినచో అది మొదటినుండియే కారును. కొలదిగా లోనికో వెలికో జరిపి కొట్టి, పెదవి కొత్తచోట ఆనునట్లు చేయుట తెలివిగల మెకానిక్కు లక్షణము. దీనికి ఖర్చు లేదు, కన్ను కావలెను.

దేనితో మార్చవలెనను ప్రశ్నకు వచ్చునప్పటికి మన దేశకాలపరిస్థితులు మిక్కిలి ప్రతికూలముగా నున్నవి. నల్లగా గుండ్రముగా నున్నదంతయు రబ్బరే యను భావము బలముగా నాటుకొనియున్నది. సహజ రబ్బరు పెట్రోలియపు నూనెలో ఉబ్బి మెత్తబడును, నైట్రైల్ ఆ నూనెకు ఓర్చును గాని ఎండలో పగుళ్లు వారును, ఇ.పి.డి.ఎం. ఎండకును నీటికిని నిలుచును గాని ఆ నూనె తగిలినచో చెడును. ద్రవముతో పనిచేయు బ్రేకుల సిలిండరులోని రబ్బరు కప్పులు బ్రేకు ద్రవమునకే తగినవి. తొందరలో ఇంజను నూనె పోసినవాని బండికి, ఆ కప్పులు ఉబ్బి, బ్రేకు పట్టుకొనిపోవును. మిరప నిలువచేయు శీతల గిడ్డంగులలో చిక్కు మరింత సూక్ష్మము. అమోనియా రాగిని, ఇత్తడిని తినివేయును గనుక రాగి వాషరు అచ్చట పనికిరాదు. మిక్కిలి ఖరీదైనది కదా యని విటాను రబ్బరు వేసినచో అమోనియాకు అదియు చెడును. చౌకయైన నియోప్రీను అమోనియాకును కంప్రెసరు నూనెకును చాలవరకు ఓర్చును. ధర హెచ్చైనదే మేలైనదను నమ్మకము ఇచ్చట ప్రమాదహేతువు.

రబ్బరు చల్లదనమునకు బిగుసుకొనిపోవుటచే 1986 జనవరి 28న అమెరికా వారి చాలెంజరు అంతరిక్షనౌక ఏడుగురితో కూడ నశించిన సంగతియు, విచారణసభలో రిచర్డు ఫైన్‌మన్ ఓ-రింగు అను రబ్బరు వలయపు ముక్కను మంచునీటిలో ముంచి చూపిన సంగతియు లోకప్రసిద్ధములు. మనకు వచ్చు చిక్కు చలివలన గాదు, ఎండవలన. పల్నాటి వేసవిలో, 45 డిగ్రీలు దాటిన వడగాలిలో, దుకాణపు ముంగిట మేకులకు గుత్తులుగా వ్రేలాడదీసిన ఓ-రింగులు, ఆయిల్ సీళ్లు అమ్ముడుపోకమునుపే సగము వృద్ధాప్యమును పొందియుండును; మేకు ఆనిన చోట వంకర తిరిగియుండును. వ్రేలితో వంచి చూచి సన్నని పగుళ్లు కనబడినచో తిరిగి యిచ్చివేయుట కొనువాని హక్కు. తయారైన నెలయు, ఏ పదార్థమో తెలుపు గురుతును సంచిపై లేనిదానిని కొనకుండుట మేలు.

ఇన్నింటిలోను నా మనస్సును ఎక్కువగా కలచునది మందు డబ్బా. 2021లో నల్లతామర పురుగు మిరపను ముట్టడించినది మొదలు, గుంటూరు, ప్రకాశము జిల్లాల తోటలలో మందు కొట్టు మారులు మిక్కిలి పెరిగినవి. పదునారు లీటర్ల డబ్బా నింపి వీపునకు తగిలించుకొన్నవాని వెనుక, అరిగిన వాషరు నుండి, మూత క్రింది చిరిగిన రబ్బరు నుండి, చేతిపిడి వాల్వునుండి మందు కారుచుండును. అది చొక్కాను తడిపి, చెమటతో కలిసి, చర్మము ద్వారా శరీరమున చొచ్చును. పురుగుమందులలో కలుపు ద్రావకములు మామూలు రబ్బరును ఉబ్బించి చెరచును గనుక ఆ వాషర్లు త్వరగా పోవుట సహజమే. ప్రతిదినమును పని ముగిసిన పిమ్మట మంచినీటితో నడిపి కడిగినచో వాని యాయువు పెరుగును. పొలము గలవానికి మందు వృథా, మోయువానికి ఆరోగ్యము వృథా. అద్దెకిచ్చు డబ్బాకు యజమాని వేరు, కొట్టించువాడు వేరు, కొట్టువాడు వేరు. కాగా వాషరు మార్చవలసినది ఎవరని అడిగినచో ముగ్గురును ఒకరి ముఖ మొకరు చూచుకొందురు. ఇతర యంత్రములందు చెడినప్పుడు మార్చుదమన్న వాదమును నేను కొంతవరకు ఒప్పుకొందును, ఇందు ఒప్పుకొనజాలను. కారుచున్న డబ్బాను ఆ పూటకు ప్రక్కన పెట్టుటయే సరియైన పని, వాషరు పట్టణమునుండి వచ్చువరకు.

పెద్ద నిర్మాణములను గూర్చియు ఒక్కమాట. కృష్ణానదిపై 1957లో నిర్మాణము ముగిసిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నవి. ప్రతి గేటునకు ప్రక్కలందును అడుగునను రబ్బరు పట్టీలే నీటిని ఆపుచున్నవి. ఇసుకతో కూడిన ప్రవాహము వానిని అరగదీయును, ఎండ పగులగొట్టును. వేసవిలో నీరు తగ్గిన కొద్దివారములలోనే వాని పని ముగింపవలెను; నిధులు ఆలస్యముగా వచ్చి, ఆ వారములు దాటినచో, వరద వచ్చుటకు ముందు మార్చుటకు వీలుండదు.

ఎప్పుడు మార్చవలెనను మొదటి ప్రశ్నకు సమాధానము, ఇన్ని గంటలకని కర్మాగారమువారు వ్రాసిన పట్టికలోకంటె, మన పంటల కాలక్రమములో లభించునని నా యభిప్రాయము. గంటల లెక్క వ్రాసికొను ఆయిలింజను మన పొలములలో అరుదు. మిరప ఫిబ్రవరి మొదలు వేసవివరకు మార్కెట్ యార్డునకు వచ్చి గిడ్డంగులు నిండును. పాతసరుకు చాలవరకు కదలిపోయిన డిసెంబరు, జనవరి దినములలో కంప్రెసరు సీళ్లను విప్పి చూచుటకు తీరిక దొరకును. గదులు నిండిన పిమ్మట ఏప్రిలు ఎండలో అమోనియా వాసన వచ్చినచో, సరుకు కాపాడవలెనా, మనుష్యులను కాపాడవలెనా యని తర్కింపవలసివచ్చును. ప్రత్తి మిల్లులకు అక్టోబరు మొదలు మార్చివరకు పని. మిగిలిన నెలలలో యంత్రము నిలిచియుండుటయే సీళ్లకు కీడు, ఏలయన కదలని రబ్బరు ఒక్కచోటనే అణగి ఆ రూపమునే పట్టుకొనును. “సీజనవనీ, తర్వాత చూద్దాం” అని మూసినవాడు, సీజను వచ్చువరకు మరల చూడడు. ఇంకను తోలు దొప్పలతో నడచు పాతప్రెస్సులున్న చోట్ల, మిల్లు మూయునాడే వానిని తీసి, ఆముదములోనో పశుకొవ్వుతో కలిపిన నూనెలోనో నానవేసి నీడలో నుంచవలెను; లేనిచో ఆరు నెలల యెండకు ఎండి బిరుసెక్కిన తోలు అక్టోబరులో మొదటి బేలుకే పెదవి చీలును, ప్రత్తి బండ్లు గేటువద్ద నిలిచియుండగా కొత్తదానికై మనుష్యుని పట్టణమునకు పంపవలసివచ్చును.